వినపడుతోందా

మూడో తరగతికి పదకొండింటికి యుద్ధం.
ఆ తర్వాత నిన్న మిగిలిన ఏడో ఎక్కం, ఆ తర్వాత అన్నం.
టైంటేబుల్లో దీనికి గడి లేక
నీతికథల గడిలో ఇరికించాను.

తర్లుపాడు దాటి ఇంకా లోపలికి మా బడి.
టీవీ గోడకెక్కి ఏడాదైంది, సిగ్నలు మాత్రం
కిటికీ రెండో ఊచ దగ్గరే నిలబడుతుంది.
ఆ ఊచకే నా ఫోను కట్టాను,
సువార్త తన జడ విప్పి ఇచ్చిన రిబ్బనుతో.

తెర మీద రిటైరైన సుబేదారు పీరాంసాహెబు.
గిద్దలూరులో తన వరండాలో కూర్చుని
పద్నాలుగు బళ్ళతో ఒకేసారి మాట్లాడుతున్నాడు.
ఇస్త్రీ చొక్కా, దాని మీద పతకాలు.
మంచినీళ్ళకని లేచినప్పుడు కింద గళ్ళలుంగీ కనపడి
మావాళ్ళు నోళ్ళు మూసుకుని ఊగిపోయారు.

కాల్పుల సంగతి ఎత్తలేదాయన.
ఎత్తొద్దని ముందురోజు నేనే బతిమాలాను.
మంచులో మేజోళ్ళు తడిస్తే వేళ్ళు ఏమవుతాయో చెప్పాడు.
గడ్డకట్టిన రొట్టెను చంకలో పెట్టుకుని
మెత్తబడేదాకా పాటలు పాడుకోవడం చెప్పాడు.
పక్కన పడుకునే అనంతపురం చెన్నప్ప
నిద్దట్లో కూడా ఎద్దుల్ని అదిలించేవాడట.
"ఒకనాడు పొద్దున అదిలింపు వినపళ్ళా" అన్నాడు.
అంతే. చొక్కా గుండీ ఒకటి సర్దుకున్నాడు.

పిల్లలు ఎద్దుల పేర్లడిగారు.
ఒకటి బూడిదోడు.
రెండోదాని కోసం కళ్ళు మూసుకున్నాడు, రాలేదు.
తుపాకీ మా చెల్లెలంత బరువుంటదా, అని ఒకడు.
మంచులో ఒంటికొస్తే ఎట్టా, అని ఇంకొకడు.
దానికి మాత్రం చాలా వివరంగా జవాబిచ్చాడు.

"ఇప్పుడు మా చెన్నప్ప కోసం రెండు నిమిషాలు
అందరం మాట్లాడకుండా..."
చెయ్యి నొసటిదాకా లేచింది.
అక్కడే ఆగిపోయింది.
ఆ చేతి మీద తెల్లటి సున్నా ఒకటి
గిరగిరా తిరగడం మొదలైంది.

ఊచ దగ్గరికి ఉరకబోయి వెనక్కి చూద్దును కదా,
ముప్పై ఒక్కమంది నిలబడి ఉన్నారు.
బయట పొగాకు చెక్కుల ట్రాక్టరు పోయింది.
రత్తమ్మ పప్పుకు తాలింపు పెట్టింది.
ఒక తుమ్ము. దాని వెనకే ఇంకోటి. ఎవరూ నవ్వలేదు.
రెండు నిమిషాలంటే ఎంతో వీళ్ళకు తెలీదు,
గడియారం పాఠం వచ్చే నెల.
నాకు తెలుసు. అయిదయ్యాయి.
చెప్పలేదు.

బొమ్మకంటే ముందు గొంతొచ్చింది.
"వినపడుతోందా? పిల్లలూ... ఉన్నారా?"
ఒక్కరూ పలకలేదు.
మౌనం ఇంకా అయిపోలేదు కదా వాళ్ళకు.
"ఎవరన్నా ఉన్నారా అక్కడ?"
ఆ కంచుగొంతులో సన్నటి జీర.
ఆ పొద్దున గుడారంలో కూడా
ఇట్టాగే పిలిచి ఉంటాడు.
ఇక ఆగలేక నేనే అన్నాను, ఉన్నాం సార్.

మధ్యాహ్నం ఆ పేరు పలకల మీద రాయించాను.
నకు న వత్తు, పకు ప వత్తు. సగంమంది వత్తులు మింగేశారు.
సువార్త పలక తిప్పి వెనకవైపు చూపించింది.
అక్కడ ఇంకో పేరు, ఏసోబ.
"మా నాయన మేడం. యుద్ధంలో కాదు.
పలకరాయి గనిలో. దగ్గి దగ్గి."
కాసేపాగి, "రాయొచ్చా?"

రాసేసినాక అడిగే ప్రశ్న.
ఆ పలక ఏ గని రాయో నేను అడగలేదు.
బలపం తీసుకుని
బకు కొమ్ము పెట్టి ఇచ్చాను.
రేపు ఎక్కాలకు పలకలు కావాలి,
ఎవరు ముందు తుడుస్తారో చూడాలి.

రాత్రి తొమ్మిదిన్నరకు ఫోన్లో ఆయన గొంతు, పది సెకన్లు.
"అమ్మా, రెండోది గుర్తొచ్చింది.
చుక్కోడు.
మర్చిపోకుండా పిల్లలకు చెప్పు."